అమెరికాలో వారం రోజుల్లో హమ్మింగ్‌బర్డ్స్: ఎక్కడ చూడాలి, ఫొటో ఎలా తీయాలి, లిస్టు ఎలా రాయాలి

ముందు ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు అడిగారు. జూలై చివర్లో డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నారు, అక్టోబర్ మొదటి వారం దాకా అక్కడే ఉంటారు. మధ్యలో ఒక వారం పూర్తిగా పిట్టల కోసం దొరుకుతుంది. చేతిలో క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ ఉన్న) డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 150-600 మి.మీ. జూమ్ లెన్స్ ఉన్నాయి. వీలైనన్ని హమ్మింగ్‌బర్డ్ జాతులు చూడాలని, ఫొటో తీయాలని, లైఫ్ లిస్టులో, అంటే జీవితంలో చూసిన పక్షి జాతుల జాబితాలో, సరిగ్గా రాసుకోవాలని కోరిక. కోస్టారికా వెళ్లాలా, అమెరికాలోనే ఎక్కడికైనా వెళ్తే సరిపోతుందా? పంచదార నీళ్లు పోసి తగిలించే ఫీడర్‌కు వచ్చిన పిట్టను లిస్టులో రాసుకోవచ్చా? ఈ లెన్స్ చాలా, ఫ్లాష్‌లు కొనాలా?

సార్, నా సమాధానం సూటిగా ఇది. ఆగస్టు రెండో వారం, మూడో వారం మధ్యలో ఆరిజోనా రాష్ట్రం ఆగ్నేయ మూలకు వెళ్లండి. కోస్టారికాను మరో ప్రయాణానికి ఉంచుకోండి. మీ లెన్స్ బాగా సరిపోతుంది, ఫ్లాష్‌లు కొనొద్దు. ఫీడర్‌కు స్వేచ్ఛగా వచ్చిపోయే పిట్ట మీ లిస్టులోకి వస్తుంది. తీరిగ్గా తిరిగితే వారంలో ఎనిమిది నుంచి పది జాతులు చూడొచ్చు, కాస్త అదృష్టం కలిసొస్తే పన్నెండు.

నేను కర్నూలులో ఉంటాను. పిట్టలు చూడడం రోళ్లపాడు గడ్డిమైదానాల్లో, గార్గేయపురం చెరువు గట్టు మీద నేర్చుకున్నాను. తర్వాత హమ్మింగ్‌బర్డ్స్ కోసమే ఆరిజోనా, కోస్టారికా, ఈక్వడార్ తిరిగాను. కింద రాసేదంతా ఆ తిరుగుడులో తెలిసొచ్చిందే.

ఆరిజోనా ఎందుకంటే, మీకు దొరికే నెలలే కారణం. జాతుల సంఖ్య ఒక్కటే చూస్తే కోస్టారికాలో 50 దాకా, ఈక్వడార్‌లో 130కి పైగా ఉన్నాయి. మొత్తం కుటుంబంలో 360 దాటి జాతులుంటే అమెరికాలో ఏటా తప్పకుండా కనిపించేవి పదిహేను అటూ ఇటూ. అంకెలు చూస్తే కోస్టారికాయే వెళ్లాలనిపిస్తుంది. కానీ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అక్కడ పసిఫిక్ వైపు కుండపోత వర్షాలు. కొండ దారుల్లో వారం రోజులు తడుస్తూ తిరిగితే లెన్స్ తుడుచుకోవడానికే సగం సమయం పోతుంది. పైగా కొత్త దేశం, వీసా, భాష. ఆరిజోనాకైతే డల్లాస్ నుంచి రెండు గంటలు, రెండున్నర గంటల విమానంలో టూసాన్ నగరం చేరుకుంటారు.

ఆగస్టులో అక్కడ రెండు విషయాలు కలిసొస్తాయి. ఒకటి, జూలైలో మొదలయ్యే వానలతో కొండలు పచ్చబడి పూలు విచ్చుకుంటాయి. దాన్ని అక్కడి వాళ్లు కూడా మాన్‌సూన్ అనే అంటారు. రెండోది వలస. ఉత్తరాన అలాస్కా దాకా వెళ్లి గుడ్లు పెట్టి తిరిగొచ్చే రూఫస్, కొండల్లో గడిపిన క్యాలియోపీ, బ్రాడ్ టెయిల్డ్ పిట్టలు దక్షిణానికి వెళ్తూ ఆ లోయల్లో ఆగుతాయి. మెక్సికో వైపు నుంచి అంతవరకే వచ్చే జాతులు అప్పటికే అక్కడ ఉంటాయి. స్థానికం, వలస, సరిహద్దు పిట్టలు మూడూ ఒకే ఫీడర్ మీద కనిపించే రోజులవి.

ఇక అసలు విషయం. సార్, మీరు రెండు పనులు ఒకేసారి అడిగారు: లిస్టు పెరగాలి, ఫొటోలు రావాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. లిస్టు పెరగాలంటే ఎత్తు మారాలి. ఫొటో రావాలంటే కూర్చున్న చోటు నుంచి కదలకూడదు. హమ్మింగ్‌బర్డ్స్‌లో ఒక్కో జాతి కొండ మీద ఒక్కో ఎత్తుకు అలవాటు పడి ఉంటుంది. ఒకే ఫీడర్ దగ్గర ఐదు రోజులు కూర్చుంటే మొదటి రోజు చూసినవే మళ్లీ మళ్లీ చూస్తారు. మూడు వందల మీటర్లు పైకి వెళ్తే రెండు కొత్త జాతులు ఎదురొస్తాయి. ఈక్వడార్‌లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 3,500 మీటర్ల ఎత్తున యానకోచా అడవిలో శరీరం కన్నా పొడవైన ముక్కుతో సోర్డ్ బిల్డ్ హమ్మింగ్‌బర్డ్ ఉంటుంది. అక్కడి నుంచి కారులో కొన్ని గంటలు కిందికి దిగి మిండో అనే ఊరు చేరితే ఫీడర్ మీద పిట్టలన్నీ వేరే.

అందుకని మీ వారాన్ని ఊళ్ల పేర్లతో కాకుండా ఎత్తులతో పంచుకోండి. టూసాన్ దగ్గర ఎడారి సుమారు 700 మీటర్లు: అక్కడ అన్నాస్, కోస్టాస్ జాతులు. ఎండకు భయపడాల్సిన పని మీకు లేదు, అనంతపురం మే నెల చూసినవాళ్లకు అది కొత్త కాదు, కానీ నీళ్లు మాత్రం కారులో ఎప్పుడూ ఉండాలి. తర్వాత పటగోనియా అనే చిన్న ఊరు, 1,200 మీటర్ల పైచిలుకు. అక్కడి పాటన్ సెంటర్ ఒకప్పుడు ఒక కుటుంబం పెరడు. పిట్టలు చూడ్డానికి వచ్చినవాళ్లకు గేటు తీసి కుర్చీలు వేసి కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు దాన్ని టూసాన్ పక్షి సంఘం నడుపుతోంది. వయొలెట్ క్రౌన్డ్ జాతి కోసం అమెరికాలో అందరూ వెళ్లే చోటు అది. తెల్లటి పొట్ట, ఎర్రటి ముక్కు, వంగపండు రంగు నెత్తి. ఒకసారి చూస్తే మరి దేనితోనూ పొరబడరు. పంచదార ఖర్చుల కోసం అక్కడ ఒక డబ్బా ఉంటుంది, అందులో నాలుగు డాలర్లు వేయండి.

ఆపైన మడేరా కాన్యన్ (కాన్యన్ అంటే లోయ), 1,500 మీటర్ల దగ్గర. లాడ్జి ముందే ఫీడర్లు, బెంచీలు ఉంటాయి. బ్రాడ్ బిల్డ్ ఇక్కడ బోలెడు: మగదానికి నీలి గొంతు, కొస నల్లగా ఉండే ఎర్ర ముక్కు. రివోలీస్ జాతి ఇక్కడే పరిచయమవుతుంది. చివరగా సియెరా విస్టా ఊరి వైపు రామ్సీ కాన్యన్, యాష్ కాన్యన్. రామ్సీలో బ్లూ థ్రోటెడ్ మౌంటెన్ జెమ్ కోసం చూడండి. అమెరికాలో దొరికే హమ్మింగ్‌బర్డ్స్‌లో పెద్దది, తోక విప్పితే రెండు మూలలా తెల్లటి మచ్చలు. యాష్ కాన్యన్‌లో వంగిన ముక్కు లూసిఫర్ కోసం సాయంత్రం దాకా ఓపిక పట్టండి. రామ్సీ వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది, కార్లు నిలిపే చోటు కూడా తక్కువ. బయల్దేరే ముందు చూసుకోండి.

మధ్యాహ్నం మూడు దాటాక ఉరుములు మెరుపులతో వాన పడడం అక్కడ మామూలే. ఇసుక వాగుల్లో కారు ఆపొద్దు, నీళ్లు ఉన్నట్టుండి వస్తాయి. వాన వెలిసిన అరగంట మాత్రం ఫీడర్ దగ్గరే ఉండండి. ఆకలి మీదున్న పిట్టలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఇంకో మాట: కొన్నిచోట్ల రాత్రిళ్లు ఫీడర్లు లోపల పెట్టేస్తారు. ఎలుగుబంట్లు వచ్చి పీకేస్తాయి, మకరందం తాగే గబ్బిలాలు ఖాళీ చేస్తాయి. తెల్లారకముందే వెళ్లి ఫీడర్ లేదని టెన్షన్ పడకండి, వెలుతురు వచ్చాక తగిలిస్తారు.

ప్రతి చోటా నేను పాటించే పద్ధతి ఒకటే. మొదటి గంట కెమెరా బ్యాగులోంచి తీయను. బైనాక్యులర్‌తో ఏమేం వస్తున్నాయి, ఏది ఏ కొమ్మ మీద కూర్చుంటోంది, ఏది ఎవరిని తరుముతోంది అని చూస్తాను. లిస్టు ఆ గంటలోనే దాదాపు పూర్తవుతుంది. తర్వాత కెమెరా తీసి ఒకే ఫీడర్, ఒకే కొమ్మ ఎంచుకుని కదలకుండా కూర్చుంటాను. ఆ మొదటి గంట వృథా అనిపిస్తుంది చాలామందికి. కానీ రూఫస్ మగపిట్ట ఒకటి ఫీడర్‌ను కబ్జా చేసి కూర్చుంటే, అది ప్రతిసారీ తిరిగొచ్చి వాలే కొమ్మ ఏదో ఆ గంటలోనే తెలుస్తుంది. ఆ కొమ్మ మీద ఫోకస్ పెట్టుకుని కూర్చుంటే ఫొటో మీ దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు కెమెరా. మీ 150-600 లెన్స్‌కు దగ్గరి ఫోకస్ హద్దు ఎంతో ముందు చూసుకోండి. ఈ రకం లెన్స్‌లలో చాలావాటికి 600 దగ్గర రెండు నుంచి మూడు మీటర్లు ఉంటుంది. పిట్ట పొడవు తొమ్మిది, పది సెంటీమీటర్లే కాబట్టి నాలుగైదు మీటర్ల దూరంలో 500 మి.మీ. చుట్టుపక్కల ఉంచితే ఫ్రేమ్‌లో రెక్కలు తెగకుండా నిండుగా వస్తుంది. ఇంకా దగ్గరికి పోవాలని ఆశపడొద్దు. గాల్లో నిలబడిన పిట్ట ఒక్క క్షణంలో పక్కకు జరుగుతుంది, ఖాళీ జాగా లేకపోతే తోకో ముక్కో తెగిపోతుంది.

షటర్ స్పీడ్ 1/2500 నుంచి 1/4000 మధ్య. రూబీ థ్రోటెడ్ లాంటి చిన్న జాతులు సెకనుకు యాభై సార్లు రెక్కలాడిస్తాయి. 1/3200 పెట్టినా రెక్క కొసలు కాస్త చెదిరే వస్తాయి. నాకు అదే ఇష్టం. కన్ను, ముక్కు పదునుగా ఉండి రెక్కలో కాస్త కదలిక కనిపిస్తే పిట్ట ఎగురుతున్నట్టే ఉంటుంది. అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్7.1 లేదా ఎఫ్8. ఇంత దగ్గర్లో అంతకన్నా తెరిస్తే కన్ను ఫోకస్‌లో ఉన్నా ముక్కు కొస మసకబారుతుంది. ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురును పట్టే స్థాయి) ఆటోలో పెట్టి 6400 హద్దు ఇవ్వండి. కొండ నీడలో అది 3200 దాటుతుంది, కంగారు పడకండి. RAW ఫైళ్లు తీసుకుంటే నాయిజ్ (ఫొటోలో పడే గరుకు చుక్కలు) తగ్గించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా బాగా పనిచేస్తోంది. మీ డీఎస్‌ఎల్‌ఆర్ మెకానికల్ షటర్ ఒక రకంగా మేలు కూడా. మిర్రర్‌లెస్ కెమెరాల వాళ్లు శబ్దం లేని ఎలక్ట్రానిక్ షటర్ వాడితే కొన్ని బాడీల్లో రెక్కలు వంకర తిరిగినట్టు వస్తాయి.

ఎగిరే పిట్ట వెనకాల లెన్స్ తిప్పడం దండగ. దాని అలవాటు గమనించండి. ఫీడర్‌లో ముక్కు పెట్టి రెండు మూడు గుటకలు తాగుతుంది, జానెడు వెనక్కి జరుగుతుంది, గాల్లో అలాగే ఒక క్షణం నిలబడుతుంది, మళ్లీ ముందుకొచ్చి తాగుతుంది. ఆ వెనక్కి జరిగి నిలబడే జాగాలోనే మీ ఫోకస్ ఉండాలి. ఫీడర్ ఫ్రేమ్‌లో లేని ఫొటో కూడా అప్పుడే వస్తుంది. ఫోకస్‌ను షటర్ బటన్ నుంచి విడదీసి వెనక బటన్‌కు ఇచ్చుకోండి. మధ్య పాయింటు, లేదా చుట్టూ చిన్న గుంపు పాయింట్లు చాలు. మీరు కూర్చునే చోటు ఫీడర్‌కు పక్కగా ఉండాలి. పిట్ట మీకు అడ్డంగా నిలబడితే ముక్కు నుంచి తోక దాకా ఒకే ఫోకస్‌లో పడుతుంది.

గొంతు మెరుపు గురించి ఒకటి తెలుసుకోవాలి. ఆ ఎరుపు, ఊదా, పచ్చ రంగులు ఈకల్లోని రంగు పదార్థం వల్ల వచ్చేవి కావు. ఈకలో సన్నటి పొరల అమరిక మీద వెలుగు పడి వెనక్కి కొట్టినప్పుడు వచ్చేవి. అందుకే కోణం మారితే రంగు మాయమై గొంతు నల్లగా కనిపిస్తుంది. మడేరాలో ఒక మగ రివోలీస్ రెండు మీటర్ల ఎడంలో ఫీడర్ మీద వాలింది. మొదటి చూపుకు బొగ్గు ముక్కలా ఉంది. తాగి, తల ఇటు తిప్పింది. గొంతు ఒక్కసారిగా పచ్చగా భగ్గుమంది, నెత్తి మీద ఊదా రంగు వెలిగింది. మళ్లీ అటు తిప్పగానే నలుపు. ఇదంతా కనురెప్ప వేసేంతలో. ఆ మెరుపు ఫొటోలో రావాలంటే సూర్యుడు మీ వీపు వెనక, పిట్ట మీకు ఎదురుగా ఉండాలి. పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య వెలుతురులో ఇది బాగా కుదురుతుంది. గొంతు మెరిసినప్పుడు ఎరుపు రంగు హద్దు దాటి కాలిపోయినట్టు వస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ (వెలుతురు కొలతలో అర మెట్టు) తగ్గించుకోండి. మబ్బు రోజున మెరుపు రాదు, కానీ ఆడపిట్టల ఈకల వివరాలు చాలా చక్కగా వస్తాయి. ఆ రోజు వాటికి కేటాయించండి.

ఫ్లాష్‌ల సంగతి. కోస్టారికాలో కొన్ని లాడ్జిల్లో మల్టీ ఫ్లాష్ ఏర్పాటు చేసి ఇస్తారు. నాలుగైదు ఫ్లాష్‌లు పువ్వు చుట్టూ నిలబెట్టి, వెనక ముద్రించిన బ్యాక్‌గ్రౌండ్ పెట్టి, పువ్వులో సిరంజితో చక్కెర నీళ్లు వేస్తారు. రెక్కలను ఆపేది అక్కడ షటర్ కాదు, ఫ్లాష్ వెలుగే. షటర్ 1/200 దగ్గరే ఉంటుంది. ఫ్లాష్ పవర్‌ను 1/32కో అంతకన్నా తక్కువకో దించితే అది వెలిగే సమయం సెకనులో పదివేలవ వంతుకన్నా తగ్గుతుంది. చుట్టూ వెలుతురు తక్కువగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. హై స్పీడ్ సింక్ మోడ్ పెడితే ఆ లాభం మొత్తం పోతుంది, ఎందుకంటే అప్పుడు ఫ్లాష్ ఒక్కసారి వెలిగి ఆరిపోకుండా విడతలు విడతలుగా వెలుగుతూనే ఉంటుంది. నేను కూడా అలా తీశాను, బొమ్మ పుస్తకం అట్ట మీద వేసుకునేంత అందంగా వచ్చింది. కానీ ఆ ఫొటోలో పిట్ట బతికే కొండ లేదు, మంచు లేదు, అది నిజంగా తాగే పువ్వూ లేదు. ఎక్కడ తీశావని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. నా వరకు కొమ్మ మీద వాలి ఈకలు విదిలించుకునే పిట్ట ఫొటో దానికన్నా ఎంతో విలువైనది. మీరు మొదటిసారి వెళ్తున్నారు, మామూలు వెలుతురులోనే తీయండి.

లిస్టు. మొదట మీ సందేహం: ఫీడర్ పిట్ట లెక్కలోకి వస్తుంది. అది అడవి పిట్ట, దాని ఇష్టంతో వచ్చింది, దాని ఇష్టంతో పోతుంది. లెక్కలోకి రానిది బంధించి ఉంచినది. టూసాన్ దగ్గర ఎడారి మ్యూజియంలో హమ్మింగ్‌బర్డ్స్‌ను ఉంచే పెద్ద వల గది ఉంది. లోపల మీ భుజం పక్క నుంచే ఎగురుతాయి, ఫొటోలు కూడా బాగా వస్తాయి. కానీ అవి లిస్టుకు పనికిరావు. అదే మ్యూజియం తోటలో బయట పూల మీద తిరిగేవి పనికొస్తాయి.

ఈబర్డ్ వాడండి, చూసిన పిట్టలను ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే చోటు అది. మీరు నోటుబుక్కులో రాసే అలవాటున్నవారు కాబట్టి అదీ మానొద్దు, కానీ సాయంత్రానికల్లా ఈబర్డ్‌లోకి ఎక్కించండి. ఒక్కో చోటికి ఒక్కో చెక్‌లిస్టు. మడేరాలో పొద్దున్న కూర్చున్నది ఒకటి, సాయంత్రం ఇంకో ఎత్తున చూసింది మరొకటి. మొత్తం రోజును ఒకే లిస్టుగా వేస్తే ఏ పిట్ట ఏ ఎత్తున కనిపించిందో ఎవరికీ తెలియదు, రేపు మీకే గుర్తుండదు.

సంఖ్య రాసేటప్పుడు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టకండి. ఒకే పిట్ట గంటలో పదిసార్లు వస్తుంది. ఒకే క్షణంలో కళ్లముందు ఎన్ని కనిపించాయో ఆ గరిష్ఠ సంఖ్య రాయండి. మగ, ఆడ వేరుగా పోల్చగలిగితే వాటిని విడిగా లెక్కించి కలపండి. రెండు మగ బ్రాడ్ బిల్డ్‌లు ఒకేసారి కొట్టుకుంటూ కనిపించి, అంతకుముందు ఒక ఆడది వచ్చి ఉంటే మూడు అని రాయొచ్చు.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: కెమెరా గడియారం. మీ కెమెరా ఇప్పుడు మన సమయంలో ఉంటుంది. ఆరిజోనాలో చాలా భాగం వేసవిలో గడియారం ముందుకు జరపదు. ఆగస్టులో డల్లాస్‌కు రెండు గంటలు వెనక, మనకు పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. పొద్దున ఆరున్నరకు తీసిన ఫొటో మీద సాయంత్రం ఏడు అని పడుతుంది. ఈబర్డ్‌కు ఫొటోలు ఎక్కించేటప్పుడు ఏది ఏ చెక్‌లిస్టుదో తేలక తల పట్టుకోవాల్సి వస్తుంది. దిగగానే విమానాశ్రయంలోనే మార్చుకోండి.

మగపిట్టలను పోల్చడం పుస్తకం చూస్తే వచ్చేస్తుంది. అసలు పరీక్ష ఆడపిట్టలు, ఆ ఏడు పుట్టిన పిల్లలు. డల్లాస్‌లో మీకు ఇదే ఎదురవుతుంది. అక్కడ రూబీ థ్రోటెడ్, బ్లాక్ చిన్డ్ రెండూ ఉంటాయి. సెప్టెంబర్ వచ్చేసరికి మగవి చాలావరకు ముందే వెళ్లిపోయి ఆడవి, పిల్లలే ఎక్కువగా మిగులుతాయి. ఆ రెండింటి ఆడవీ పైన పచ్చ, కింద బూడిద రంగు తెలుపు, ఒకదానికొకటి అచ్చు. ఇక్కడ మీ కెమెరా బైనాక్యులర్ కన్నా గొప్ప పని చేస్తుంది. కొమ్మ మీద రెక్క ముడుచుకుని కూర్చున్న పిట్టను పక్క నుంచి తీయండి, రెక్క కొసను పెద్దది చేసి చూడండి. అన్నిటికన్నా బయట ఉండే ఈక వెడల్పుగా, కొస గుండ్రంగా ఉంటే బ్లాక్ చిన్డ్. సన్నబడుతూ మొనదేలి ఉంటే రూబీ థ్రోటెడ్. తాగేటప్పుడు బ్లాక్ చిన్డ్ తోకను ఆపకుండా కిందికీ పైకీ ఊపుతుంది, రూబీ థ్రోటెడ్ తోకను చాలావరకు కదలకుండా పెట్టుకుంటుంది. ఊపడం ఒక్కటే చూసి తేల్చకండి, రెక్క కొస కూడా చూడండి.

రూఫస్, అలెన్స్ జాతులను విడదీయడం ఇంకా కష్టం. వీపంతా ఇటుక రంగులో ఉన్న ఎదిగిన మగదైతే రూఫస్ అని ధైర్యంగా రాయొచ్చు. ఆడవి, పిల్లలు, వీపు పచ్చగా ఉన్న మగవి తేల్చాలంటే విప్పిన తోకలో ఒక్కో ఈక వెడల్పు, ఆకారం కనిపించే ఫొటో కావాలి. అలాంటి ఫొటో లేకపోతే ఈబర్డ్‌లో 'రూఫస్/అలెన్స్' అని జంటగా ఇచ్చే పేరు ఉంటుంది, అది రాయండి. అది రాస్తే మీ లైఫ్ లిస్టు ఒకటి తగ్గుతుందేమో, కానీ రికార్డు నిజంగా ఉంటుంది. కాబట్టి అందమైన ఫొటోతో పాటు ప్రతి జాతికీ వీపు, పక్క నుంచి ముక్కు, విప్పిన తోక ఈ మూడూ కనిపించే ఫొటోలు తీసి పెట్టుకోండి. మసకగా ఉన్నా ఫర్వాలేదు, అవి సాక్ష్యానికి.

మన ప్రాంతం వాళ్లకు సాక్ష్యం విలువ వేరే చెప్పక్కర్లేదు. కడప లంకమల అడవుల్లో కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్నాక, 1986లో మళ్లీ దొరికింది. చేతిలో పిట్ట ఉంది కాబట్టి లోకం నమ్మింది. ఒక చోట, ఒక తేదీన, ఒక పిట్ట ఉందని నమ్మదగ్గ రికార్డు మిగలడం చిన్న విషయం కాదు. మీ లిస్టూ అలాంటిదే అనుకుని రాసుకోండి.

పేర్లు మారుతుంటాయి, దానికీ సిద్ధంగా ఉండండి. మీ దగ్గర పాత గైడ్ పుస్తకం ఉంటే అందులో మాగ్నిఫిసెంట్ హమ్మింగ్‌బర్డ్ అని ఉంటుంది. 2017లో దాన్ని రెండుగా విడదీశారు. ఉత్తరాన ఉండేది రివోలీస్, కోస్టారికా, పనామా కొండల్లో ఉండేది తలమాంకా. అంతకుముందు రెండు చోట్లా చూసి చోటు, తేదీ రాసి పెట్టుకున్నవాళ్లకు ఇంట్లో కూర్చునే ఒక జాతి పెరిగింది. ఆండీస్ పర్వతాల్లోని జెయింట్ హమ్మింగ్‌బర్డ్ కూడా ఉత్తరాది, దక్షిణాది రెండు జాతులని 2024లో పరిశోధకులు తేల్చారు. 2025లో అవిలిస్ట్ పేరుతో ప్రపంచ పక్షులన్నిటికీ కలిపి ఒకే జాబితా కూడా వచ్చింది. అందుకే పిట్ట పేరు ఒక్కటే రాస్తే చాలదు, ఎక్కడ చూశారో కచ్చితంగా ఉండాలి.

ఇంకో మాట, మీ ప్రశ్నలోనే ఉంది కాబట్టి చెబుతున్నాను. 'మా ఇంటి దగ్గర కూడా హమ్మింగ్‌బర్డ్ వస్తుంది, వాట్సాప్‌లో వీడియో పెట్టాను' అన్నారు. సార్, హమ్మింగ్‌బర్డ్స్ ఇప్పుడు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో, ఆ చుట్టుపక్కల దీవుల్లో తప్ప ఎక్కడా లేవు. సుమారు మూడు కోట్ల ఏళ్ల కిందటి శిలాజాలు జర్మనీలో దొరికాయి కానీ, నేడు ఆ వైపు ఒక్కటీ లేదు. మీ వీడియోలో ఉన్నది తేనెపిట్ట. రెండూ పూల తేనె మీద బతుకుతాయి కాబట్టి ముక్కూ పోకడా కలిశాయి, చుట్టరికం మాత్రం లేదు. తేనెపిట్ట ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది, హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. పట్టపగలు లాంటానా పూల మీద గాల్లో నిలబడి గొట్టం లాంటి నాలుక చాపే పురుగును చూసి హమ్మింగ్‌బర్డ్ అని పంపేవాళ్లూ ఉన్నారు. అది ఒక రకం చిమ్మట.

అయితే సాధనకు ఇవే మంచివి. బయల్దేరే లోపు మీ పెరట్లో మునగ, మందార పూల దగ్గర తేనెపిట్టలను తీయండి. మగదాని మెడ మెరుపు ఏ కోణంలో వస్తుందో, ఎక్స్‌పోజర్ ఎంత తగ్గించాలో దాని మీదే తెలిసిపోతుంది. ఆ చిమ్మట మీద గాల్లో నిలబడేదానికి ఫోకస్ పట్టడం సాధన చేయండి, అది పడితే హమ్మింగ్‌బర్డ్ తేలిక. దగ్గర్లో చెరువుంటే నలుపు తెలుపు లకుముకి పిట్ట నీళ్ల పైన గాల్లో ఆగి కిందికి దూకే క్షణాన్ని పట్టండి. చేతిలో ఆ లెన్స్ బరువు అలవాటవుతుంది. కుర్చీలో కూర్చుని గంటలు గడపాలి కాబట్టి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) ఒకటి తీసుకెళ్లండి. ట్రైపాడ్ ఫీడర్ల దగ్గర అందరికీ అడ్డం.

డల్లాస్ చేరగానే అబ్బాయితో ఒక ఫీడర్ కొనిపించండి. ఒక గ్లాసు పంచదారకు నాలుగు గ్లాసుల నీళ్లు. ఎర్ర రంగు కలపొద్దు, తేనె వద్దు, బెల్లం వద్దు. ఆ ఎండలకు రెండు రోజులకోసారి కడిగి కొత్తగా పోయాలి, లేకపోతే బూజు పట్టి పిట్టలకు జబ్బు చేస్తుంది. ఆగస్టు నుంచి సెప్టెంబర్ చివరి దాకా వలస పిట్టలు వస్తాయి. మీకింకో రెండు రోజులు దొరికితే సెప్టెంబర్ మధ్యలో టెక్సాస్ తీరాన రాక్‌పోర్ట్ వెళ్లండి. మెక్సికో సింధుశాఖ వైపు ప్రయాణానికి ముందు రూబీ థ్రోటెడ్‌లు అక్కడ వందల్లో గుమిగూడతాయి. వాటిలో కొన్ని దాదాపు 800 కిలోమీటర్లు నీళ్ల మీద ఆగకుండా ఎగురుతాయి. జాతులు ఒకటి రెండే, కానీ ఒక్క ఫీడర్ చుట్టూ అన్ని పిట్టలు మరెక్కడా చూడరు.

పిట్టలను పోల్చిపెట్టే మెర్లిన్ యాప్‌లో ఆరిజోనా, టెక్సాస్‌లకు పనికొచ్చే ప్యాకులు ఇక్కడే దించుకుని వెళ్లండి, ఆ లోయల్లో సిగ్నల్ దొరకదు. మీ కెమెరా బాడీ మోడల్, లెన్స్ కంపెనీ కింద రాయండి. ఫోకస్ పాయింట్లు ఎలా పెట్టుకోవాలో మెనూతో సహా రాసి పెడతాను.